వలయం బయటి కణాలు

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను చూడగానే అడిగేది ఒకటే. "మేడమ్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిది?" ఏదో ఒకటి నేర్చుకోండి నాయనా. మీకు అది చేతికి వచ్చేసరికి ఇంకోటి వస్తుంది, దాన్నీ నేర్చుకుంటారు. దానికి నా సలహా ఎందుకు?

తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో గణితం చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో సగానికి పైగా కాలం రోగనిరోధక కణాల లెక్కలతోనే గడిచింది. ఎప్పుడు ప్రొఫెసర్‌నయ్యాను, ఏ కమిటీలో కూర్చున్నాను లాంటివి ఇక్కడ రాయను. అవి రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, చదివేవాళ్లే కనబడరు. ఈ పని అసలు ఎలా జరుగుతుందో, ఎక్కడ కాలు జారుతుందో నాకు తెలిసినంత చెబుతాను.

పెరిగేవాటిని లెక్క కట్టడం

మాది పూతలపట్టు దగ్గర పల్లె. నాయన చెరకు వేసేవాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఇంటికి వెళ్తే గట్టు మీద కూర్చుని అడిగాడు.

"ఆడ నువ్వు చేసే పనేందమ్మా?"

"రక్తంలో కణాలుంటాయి నాయనా. జబ్బు వస్తే అవి ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతాయి. ఎట్ల పెరుగుతాయో లెక్క కడతా ఉండా."

"నువ్వు లెక్క కట్టకపోతే పెరగవా?"

"పెరుగుతాయి."

"మరింగెందుకు?"

నాయనకు ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకు చెబుతాను. మన రక్తంలో టి కణాలని ఉంటాయి. ఒంట్లోకి శత్రువు వచ్చిందని తెలియగానే అవి విడిపోవడం మొదలుపెడతాయి. ఆ సమయంలో ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి కొన్ని పదార్థాలను విడుదల చేస్తాయి. వాటినే సైటోకైన్లు అంటారు. ఆ కబురు తక్కువైతే జబ్బు గెలుస్తుంది, ఎక్కువైతే మన ఒళ్లే దెబ్బ తింటుంది. డాక్టర్లు కొన్ని సైటోకైన్లను మందుగా కూడా ఇస్తారు.

కణాలున్న గిన్నెలో సైటోకైన్ వేస్తే కణాల సంఖ్య పెరుగుతుంది. అది ఎవరికైనా కనిపిస్తుంది. కానీ ఎందుకు పెరిగింది? కణాలు తొందర తొందరగా విడిపోయాయా? చావాల్సినవి చావకుండా బతికాయా? మామూలుగా ఆగిపోయే చోట ఆగకుండా ఇంకో రెండు విడతలు విడిపోయాయా? మూడింటిలో ఏది జరిగినా చివరికి వచ్చే సంఖ్య ఒకేలా ఉండొచ్చు. మందు ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్నది మాత్రం మూడింటికీ వేరు. సమీకరణాలు రాసి ఆ మూడింటినీ విడదీయడమే మా పని. మీసాలు మెలేసేంత ఘనకార్యమేమీ కాదు, కానీ తప్పు చేస్తే ఆ తప్పు చాలా అందంగా కనిపిస్తుంది. అదే దీనిలోని పేచీ.

రెండూ సరిపోతే

నాకు ఈ పని నేర్పిన గురువుగారు మహా కోపిష్టి. చాక్‌పీసు విసిరేవారు. నేను పరిశోధనలో చేరిన కొత్తలో ఒక పట్టిక ఇచ్చి, దీనికి తగిన సమీకరణం రాయమన్నారు. రాశాను. పట్టికలోని అంకెలను కాగితం మీద చుక్కలుగా పెడితే నా గీత ఆ చుక్కలన్నింటి మీదుగా నున్నగా పోయింది. సంబరంగా తీసుకెళ్లి చూపించాను. ఆయన అదే పట్టికకు పూర్తిగా వేరే అర్థం వచ్చే ఇంకో సమీకరణం రాసి ఇచ్చి, దీన్ని కూడా వేసి చూడమన్నారు. అదీ చుక్కలన్నింటి మీదుగా పోయింది.

"ఏమైంది?"

"రెండూ సరిపోతున్నాయి సార్."

"అయితే నీకేం తెలిసినట్టు?"

"ఏమీ తెలియనట్టు సార్."

"అది తెలిసింది కదా, పో. పోయి టిఫిన్ తిను."

గీత చుక్కల మీదుగా పోయినంత మాత్రాన నమ్మకూడదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మరి చుక్కలనే ఎప్పుడు అనుమానించాలో మాత్రం ఆయన చెప్పలేదు. బహుశా ఆయనకూ తెలియదు. గణితం వాళ్లం చుక్కలను దేవుడిచ్చిన ప్రసాదంలా కళ్లకద్దుకుని తీసుకుంటాం.

క్యాంటీన్ మీదుగా

మా క్యాంపస్‌లో గణితం వాళ్ల భవనం ఒక పక్క, జీవశాస్త్రం వాళ్లది ఇంకో పక్క. మధ్యలో క్యాంటీన్. నాకు కణాల పట్టికలు ఇచ్చేది ప్రొఫెసర్ చెంగల్రాయుడు. ఆయన జీవశాస్త్రంలో మంచి పేరున్న మనిషి. సైటోకైన్ వేస్తే టి కణాలు తొందరగా విడిపోతాయన్నది ఆయన వాదన. దాని మీదే ఆయన పేపర్లన్నీ ఉన్నాయి, పేరు కూడా దాని మీదే నిలబడింది.

మా ఇద్దరి మధ్యా ఒక అలవాటు. ఆయన పెన్‌డ్రైవ్ పట్టుకుని క్యాంటీన్‌కు వస్తారు, నేనూ వెళ్తాను, కాఫీ తాగుతాం, పెన్‌డ్రైవ్ బల్ల మీద నుంచి నా సంచిలోకి వస్తుంది. వాళ్ల ల్యాబ్‌లోకి నేను వెళ్లను, నా బోర్డు దగ్గరికి ఆయన రారు. ల్యాబ్‌లోకి వెళ్లాలంటే చెప్పులు విప్పాలి, తెల్లకోటు వేసుకోవాలి, అక్కడి వాసన భరించాలి. నాకెందుకొచ్చిన బాధ? ఆయనకేమో నా బోర్డు చూస్తే ఆవలింతలు. దీన్ని రెండు శాఖల సహకారం అంటూ ఏటా రిపోర్టులో రాసేవాళ్లం.

ఆ పట్టికలు ఎలా తయారవుతాయో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కణాలకు మొదట ఒక మెరిసే రంగు పట్టిస్తారు. కణం రెండుగా విడిపోతే రంగు చెరి సగం అవుతుంది. మళ్లీ విడిపోతే అందులో సగం. ఒక యంత్రం ఒక్కొక్క కణాన్నీ చూసి దాని రంగు ఎంత వెలిసిందో చెబుతుంది. రంగు ఎంత ఎక్కువ వెలిస్తే అంత ఎక్కువ విడతలు విడిపోయిందని అర్థం. కణాలన్నీ కంప్యూటర్ తెర మీద చుక్కలుగా పడతాయి. వాటిలో బతికున్నవి ఒకచోట గుంపుగా ఉంటాయి. ఆ గుంపు చుట్టూ ఒక వలయం గీసి, లోపలున్నవాటినే లెక్కలోకి తీసుకుంటారు. బయటివి చచ్చినవి, ముక్కలైనవి. వాటిని ల్యాబ్‌లో చెత్త అంటారు.

ఆ వలయాన్ని యంత్రం వచ్చిన కొత్తలో చెంగల్రాయుడు గారు గీసి కంప్యూటర్‌లో దాచారు. తర్వాత వచ్చిన ప్రతి విద్యార్థీ అదే వలయం తెరిచి అందులోని కణాలనే లెక్కపెట్టాడు. "సార్ గీసింది" అంటే మరి జరపడానికి ఎవరికి ధైర్యం? చెత్తతో నిండిన పెద్ద ఫైళ్లను చోటు చాలడం లేదని ఎప్పటికప్పుడు తీసేసి, చివరి పట్టికలు మాత్రం ఉంచుకునేవాళ్లు. నా దగ్గరికి వచ్చినవి ఆ పట్టికలే. వాటిలో చచ్చిన కణం ఒక్కటి కూడా ఉండేది కాదు. అవి శుభ్రంగా ఉన్నాయని నేను సంతోషించేదాన్ని.

గోమతి

గోమతిది నగరి. వాళ్ల నాయన మునస్వామికి రెండు మరమగ్గాలున్నాయి. ఇంట్లో డిగ్రీ దాటి చదివిన మొదటి మనిషి ఈ అమ్మాయే. గణితంలో ఎమ్మెస్సీ చేసి, ఈ కణాల పని మీద పరిశోధనలో చేరింది. చెంగల్రాయుడు గారు గైడు, నేను తోడు గైడును. అంటే చీవాట్లు పెట్టే హక్కు ఇద్దరికీ ఉంది, సంతకం చెల్లేది ఆయనది.

ప్రయోగాలకు రక్తం కావాలంటే ల్యాబ్ పిల్లలే తలా కొంచెం ఇచ్చుకునేవాళ్లు. గోమతి వంతు ఎక్కువగా వచ్చేది. ఇంజెక్షన్ సూదికి భయపడని మనిషి కాబట్టి అందరూ ఆమెనే పట్టుకునేవాళ్లు. ఏదైనా లెక్క కుదరకపోతే తల పట్టుకుని "నా కణాలే నా మాట వినడంలా మేడమ్, ఇంగ ఎవురి కణాలు వింటాయి?" అనేది.

థీసిస్ దాదాపు పూర్తయింది. రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడింది. పుత్తూరులో ఒక కాలేజీవాళ్లు లెక్చరర్ పోస్టు ఇస్తామని మాటిచ్చారు, థీసిస్ ఇచ్చిన కాగితం చూపించాలి అంతే. మునస్వామి మగ్గాల పక్కింటివాళ్లకు కూడా ఆ మాట చెప్పేసుకున్నాడు.

థీసిస్‌లో పెట్టడానికి ఒక శుభ్రమైన బొమ్మ కావాలని గోమతి తనే ల్యాబ్‌లో కూర్చుని సైటోకైన్ వేయని ఒక కొత్త గిన్నెలోని కణాలను యంత్రంలో పెట్టింది. అక్కడ ఆమె చేసిన పని ఒక్కటే. వలయం తీసేసి చూసింది.

మర్నాడు పొద్దున్నే నా గదికి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచింది. తెర నా వైపు తిప్పింది.

"ఏమైందమ్మా? కణాలు అలిగినాయా?"

"సూడండి మేడమ్. ఇది వలయం బయట ఉండేది. చెత్త. దీనికి రంగు యాడుందో సూడండి."

చూశాను. చెత్తలో ఉన్న కణాల్లో చాలావాటికి రంగు బాగా వెలిసిపోయి ఉంది. అంటే అవి ఎక్కువ విడతలు విడిపోయినవి. సైటోకైన్ లేని గిన్నెలో, ఎక్కువసార్లు విడిపోయిన కణాలే ముందు చచ్చి వలయం బయట పడుతున్నాయి. లోపల మిగిలినవి తక్కువసార్లు విడిపోయినవి. వాటిని మాత్రమే లెక్కపెడితే ఈ గిన్నెలో కణాలు నిదానంగా విడిపోతున్నట్టు కనిపిస్తుంది. సైటోకైన్ వేసిన గిన్నెలో అవే కణాలు చావకుండా లోపలే ఉంటాయి, అందుకని అవి తొందరగా విడిపోతున్నట్టు కనిపిస్తుంది. రెండు గిన్నెల్లోనూ విడిపోయే వేగం ఒకటే కావచ్చు. తేడా అంతా చావులోనే ఉండొచ్చు.

నా సమీకరణాల్లో చావుకు ఒక అక్షరం ఉంది. పట్టికలో చచ్చినవి లేవు కాబట్టి అది ప్రతిసారీ సున్నాకు దగ్గరగా వచ్చేది. సున్నా వచ్చిందే, ఎందుకొచ్చిందో అని మా రెండు భవనాల్లోనూ ఎవరికీ అనుమానం రాలేదు. వాళ్లేమో లెక్కలవాళ్లు చూసుకుంటారులే అనుకున్నారు, మేమేమో ల్యాబ్‌వాళ్లు చూసే ఉంటారులే అనుకున్నాం.

"ఇప్పుడేం చేస్తావు?"

"మళ్లీ చెయ్యాల మేడమ్. చచ్చినవి కొంచేపటికి కరిగిపోతాయి, పూటపూటకూ తీసి చూడాల. గడువు పెంచమని సార్ కాగితం రాసిస్తే చేస్తా. లేదంటే..." ఆగింది. "ఇదే థీసిస్ ఇచ్చేయమంటే మాత్రం ఇయ్యను. తెలిసి తెలిసి ఎట్ల ఇచ్చేది?"

గడువు పెంచాలంటే గైడు రాసివ్వాలి. ఇంతకు ముందు వచ్చిన ఫలితం సందేహంలో పడింది, మళ్లీ చేయాలి, అని. అది చెంగల్రాయుడు గారు తన పేపర్ల మీద తనే గీత కొట్టుకోవడం. ఆయన రాయకపోతే గోమతి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఇన్నేళ్ల చదువు గంగలో కలుస్తుంది.

పుత్తూరు కట్టు

ఆ వారమే చెంగల్రాయుడు గారు స్కూటర్ మీద నుంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. టి కణాల మీద దేశమంతా ఉపన్యాసాలిచ్చే మనిషి, నేరుగా పుత్తూరు పోయి వెదురు దబ్బలతో కట్టు కట్టించుకుని వచ్చారు. గోమతీ నేనూ ఆయన గదిలోకి అడుగు పెడితే ఆకు పసరు వాసన. నేను కట్టు వైపు చూసి నవ్వితే, "నవ్వద్దండి. మా తాత కాలం నించీ ఎముక విరిగితే ఆడికే. ఎముక అతుక్కుంటుంది, అంతే" అన్నారు.

గోమతి అంతా చెప్పింది. ఆయన తెర వైపు చూడను కూడా చూడలేదు.

"ఆ వలయం గీసింది నేను. ఇన్నేండ్లు అందరూ దాంతోనే చేసినారు. ఎవురికీ కనపడని తప్పు నీకొక్కదానికే కనపడిందామ్మా?"

"ఎవురూ తీసి సూడలేదు సార్."

"అయినా ఇదంతా ఒకరి రక్తం. నీది. ఒక మనిషి రక్తంతో తేల్చేస్తారా ఎవురన్నా?"

ఆ మాటలో న్యాయముంది. కానీ ఆ తర్వాత ఆయన కట్టు ఎత్తి చూపించి, "అదీగాక సంతకం పెట్టడానికి చెయ్యి యాడుంది? కట్టు విప్పినాక సూద్దాం" అన్నారు. కట్టు విప్పేది గడువు దాటాక. నాకు ఒళ్లు మండింది.

"కాఫీ గ్లాసు పట్టుకోవడానికి అడ్డం రాని కట్టు సంతకానికి అడ్డమొచ్చిందా సార్?"

ఆయన ముఖం ఎర్రబడింది. నేను కూడా తగ్గలేదు. అంతలో గోమతి మా ఇద్దరినీ వదిలేసి తన మాట తను చెప్పింది.

"నా రక్తం ఒక్కటే చాలదంటే, మీది ఇయ్యండి సార్."

ఒక విద్యార్థిని గైడును రక్తం అడగడం నేను అంతకు ముందు వినలేదు. ఆయన ఎడమ చేతి చొక్కా పైకి మడిచారు.

"తీసుకో. దీంట్లో ఏముంది? నువ్వు చెప్పినట్టే వస్తే కాగితం రాస్తా. రాకపోతే ఉండేదే ఇచ్చి పుత్తూరికి పో."

"సరే సార్."

వలయం లేకుండా

ఆ వారమంతా నేను చెప్పులు విప్పి ల్యాబ్‌లోనే కూర్చున్నాను. పిల్లలకు నేను ఇచ్చే సలహా ఏదైనా ఉంటే అది ఇదే. మీకు పట్టిక ఇచ్చినవాళ్ల పక్కన కనీసం ఒక్కసారి కూర్చోండి. వాళ్లు ఏది తీసుకుంటున్నారో కాదు, ఏది పారబోస్తున్నారో చూడండి. పారబోసేదాని గురించి ఎవరూ మీకు చెప్పరు. దాచాలని కాదు, అది చెప్పాల్సిన విషయమని వాళ్లకు తోచదు.

చెంగల్రాయుడు గారు రోజూ వచ్చి కట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని ఒక మూల కూర్చునేవారు. గోమతి చేతి పనిలో చిన్న తేడా వచ్చినా "అట్ల కాదు, నిదానంగా" అని కసురుకునేవారు. ఆమెను ఓడించాలని కాదు, ప్రయోగం సరిగ్గా జరగాలని. ఆ తేడా నాకు స్పష్టంగా కనిపించింది. అధికారుల్లో చాలామందిని చూశాను. తన మాట నెగ్గాలనుకునేవాడు వేరు, పని నెగ్గాలనుకునేవాడు వేరు. ఈయన రెండూ కలిసిన మనిషి, అందుకే ఆ వారం ఆయనకు నిద్ర ఉండి ఉండదు.

చివరి రోజు గోమతి రెండు గిన్నెల లెక్కలూ తెర మీద పెట్టింది.

"వలయం లేకుండా సూపించు" అన్నారాయన.

చూపించింది. సైటోకైన్ లేని గిన్నెలో రంగు వెలిసిన కణాలు కుప్పలుగా చచ్చి బయట పడి ఉన్నాయి. సైటోకైన్ ఉన్న గిన్నెలో అవే కణాలు బతికి లోపల ఉన్నాయి. చచ్చినవాటిని కూడా కలిపి ఎన్ని విడతలు విడిపోయాయో గీస్తే, రెండు గిన్నెల గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వేగంలో తేడా లేదు.

ఆయన కుర్చీ ముందుకు లాక్కుని చాలాసేపు చూశారు. మళ్లీ మొదటి నుంచి చూపించమన్నారు. గోమతి చూపించింది.

"నా కణాలు గూడా నీ పార్టీలోనే చేరినాయి గదమ్మా" అన్నారు చివరికి.

"అవి మొదట్నించీ ఆడనే ఉండాయి సార్. మనమే సూడలా."

కాగితం నన్నే రాయమన్నారు. ఆయన పరువు కొంచెం మిగలనివ్వాలని "మరింత లోతైన పరిశీలన అవసరమైనందున" అని మొదలుపెట్టాను. ఆయన అడ్డుకున్నారు.

"అట్ల రాస్తే ఎవురికేం అర్థమైతాది మేడమ్? నేను గీసిన గీత తప్పని రాయండి. చచ్చిన కణాలు లెక్కలోకి రాలేదని రాయండి."

అలాగే రాశాను. కట్టులోంచి బయటికొచ్చిన రెండు వేళ్ల మధ్య పెన్ను ఇరికించుకుని, పళ్లు బిగబట్టి, సంతకం పెట్టారు. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. ఆఫీసువాళ్లు ఇది ఆయన సంతకమేనా అని ఫోన్ చేసి అడిగారు కూడా. ఆయన మీద ఎప్పుడూ లేనంత గౌరవం కలిగింది నాకు ఆ రోజు. ముఖం మీద చెప్పలేదు, మాకు అలాంటి అలవాటు లేదు.

పుత్తూరు కాలేజీవాళ్లు ఆగలేదు, పోస్టు ఇంకొకరికి ఇచ్చేశారు. గోమతి ఆ మాట చెప్పి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి ముఖం కడుక్కుని ల్యాబ్‌లోకి పోయింది.

వడ

థీసిస్ ఆలస్యంగానే పూర్తయింది. వైవాకు వచ్చిన పరీక్షకుడు రెండు గంటలు గుచ్చి గుచ్చి అడిగాడు. చెంగల్రాయుడు గారి పాత పేపరుకు, ఈ థీసిస్‌కు ఎందుకు పొత్తు కుదరడం లేదని కూడా అడిగాడు. గోమతి వలయం ఉన్న బొమ్మ ఒకటి, లేని బొమ్మ ఒకటి పక్కపక్కన పెట్టి చెప్పింది. ఎక్కడా తడబడలేదు.

తర్వాత సెమినార్ హాల్ బయట అందరికీ టిఫిన్. మునస్వామి మగ్గాలు ఆపి, పొద్దున బస్సుకే నగరి నుంచి వచ్చాడు. కొత్త పంచె కట్టుకుని ఒక మూల నిలబడి ఉన్నాడు. కూతురు నెగ్గిందని చెప్పాం. ఆయన తలూపాడు, కానీ ముఖంలో ఏదో ఇంకా తెమలలేదు. చివరికి చెంగల్రాయుడు గారి దగ్గరికి వచ్చి అడిగేశాడు.

"సార్, మా పాపతో గూడా చేరినోళ్లంతా ఎప్పుడో డాక్టర్లై పోయినారు. మా పాపకే ఇంత ఆలస్యమెందుకైంది? పుత్తూరు ఉద్యోగం గూడా పోయె. సదువు సరిగ్గా రాలేదా ఏంది?"

"నాయనా, ఊరకుండు" అంది గోమతి. ఆమె ముఖం వాడిపోయింది.

చుట్టూ ఉన్న ప్రొఫెసర్లు ప్లేట్లలోకి చూడటం మొదలుపెట్టారు. పరీక్షకుడు కూడా అక్కడే ఉన్నాడు. ఏదో ఒక మాట చెప్పి దాటేయడం చెంగల్రాయుడు గారికి చాలా తేలిక. ఆయన తన ప్లేటు బల్ల మీద పెట్టారు.

"మీ పాప సదువుకేం తక్కువ లేదప్పా. చచ్చిన కణాలను చెత్తని పారేసింది నేను. ఇన్నేండ్లు పారేస్తానే ఉండినా. మీ పాప వాటిని ఏరి తెచ్చి లెక్కపెట్టింది. ఆలస్యమైంది నా వల్ల. పుత్తూరు ఉద్యోగం పోయింది గూడా నా వల్లే."

మునస్వామికి కణాలంటే ఏమిటో తెలియదు. కానీ అంత పెద్దాయన అందరి ముందూ ఏం ఒప్పుకున్నాడో మాత్రం తెలిసింది. కూతురి వైపు తిరిగి కాసేపు చూశాడు.

"అట్లయితే సరే సార్" అన్నాడు.

తన ప్లేట్లోని వడ తీసి గోమతి ప్లేట్లో పెట్టాడు. పొద్దుటి నుంచి పచ్చి నీళ్లు కూడా తాగని పిల్ల, అక్కడే నిలబడి ఆ వడ తినేసింది.